రెండు పేపర్లూ ఒకే మాట రాసిన రోజు



వడ్లమూడి టీ కొట్లో పేపరు చదవాలంటే కొంచెం ధైర్యం కావాలి. గుంటూరు నుంచి తెనాలి పోయే దారిలో ఉన్న ఊరు. విజ్ఞాన్ యూనివర్సిటీ పిల్లలు, సంగం డెయిరీ బళ్ళు, పొద్దున్నే కూలి పనికి ఆటో ఎక్కే మనవాళ్ళు, అందరూ ఆ కొట్టు ముందు నుంచే పోతారు. కొట్టాయన రెండు పేపర్లు వేయిస్తాడు. ఏది ముందు చేతిలోకి తీసుకున్నామో చూసి పక్క బల్ల మీదవాళ్ళు మన పార్టీ ఏదో తేల్చేస్తారు. అందుకే మా బాబాయ్ రెండూ తీసి ఒళ్ళో పెట్టుకుని, ముందు సినిమా పేజీ చూస్తాడు.

2021 ఏప్రిల్ 24 పొద్దున ఆ కొట్టు దగ్గర మాటా మాటా పెరిగి కొట్టుకునేదాకా పోయింది. సంగం డెయిరీ ఛైర్మన్, పొన్నూరు నుంచి ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన ధూళిపాళ్ల నరేంద్రను ముందురోజు ఏసీబీ అరెస్టు చేసింది. డెయిరీలో అవకతవకలు జరిగాయని ప్రభుత్వం. ఇది కక్ష సాధింపని తెలుగుదేశం. కొద్ది రోజులకే డెయిరీని ప్రభుత్వ పాడి సమాఖ్య చేతికి అప్పగిస్తూ జీవో వచ్చింది. మే మొదటి వారంలో హైకోర్టు ఆ జీవోను ఆపేసింది. 2024లో నరేంద్ర మళ్ళీ పొన్నూరు ఎమ్మెల్యే అయ్యారు. ఎవరిది తప్పో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. మా పిన్ని అడిగిన మాట ఒకటి చెప్పాలి.

పిన్నికి ఒక గేదె ఉంది. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు, పనుల్లేవు, ఆ పాల డబ్బులే ఇల్లు నడుపుతున్నాయి. ఆమెకి చదువు రాదు. నా చేతిలో రెండు పేపర్లు చూసి, "రేపు పాలు పోయించుకుంటారా అబ్బాయ్? పోయిన బిల్లు పడుద్దా లేదా? అది చూడు ముందు" అంది. చూశాను. ఒక పేపర్లో ఒకరి కోపం పేజీలకు పేజీలు. ఇంకో పేపర్లో ఇంకొకరి కోపం. పాల బిల్లు మాట నాకు రెండిట్లోనూ దొరకలేదు. చివరికి ఆమే పాల కేంద్రం దాకా నడిచి వెళ్ళి కనుక్కొచ్చింది.

పేపర్ల మీద నమ్మకం గురించి మన కుర్రాళ్ళు మాట్లాడుకునేటప్పుడు మాట ఎప్పుడూ ఒకచోటే ఆగిపోతుంది. "అది వాళ్ళ పేపరు, ఇది వీళ్ళ పేపరు, రెండూ అబద్ధాలే" అంటారు. ఈ మాట సగమే నిజం. ఆ మిగతా సగం గురించే ఇవాళ రాస్తున్నాం.

ముందు తెలిసిన సగం. ఈనాడు 1974లో విశాఖలో పుట్టింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడు ఆయన పక్షాన నిలబడింది, తెలుగుదేశానికి దగ్గర అన్న పేరు అప్పటి నుంచీ పోలేదు. ఆగిపోయిన ఆంధ్రజ్యోతిని వేమూరి రాధాకృష్ణ 2002లో మళ్ళీ తెచ్చారు. సాక్షి 2008లో వచ్చింది, అది జగన్మోహనరెడ్డి కుటుంబానిదని చిన్నపిల్లాడికీ తెలుసు. టీవీ5 అధిపతి బి.ఆర్. నాయుడు 2024లో తిరుమల తిరుపతి దేవస్థానాల బోర్డు ఛైర్మన్ అయ్యారు. తెలంగాణలో 2011లో వచ్చిన నమస్తే తెలంగాణ ఎవరి మాట మాట్లాడుతుందో ఎవరూ అడగరు. విశాలాంధ్ర, ప్రజాశక్తి మాత్రం తాము ఫలానా పార్టీ పత్రికలమని దాచుకోలేదు. ఆ మాటకొస్తే ఆ నిజాయితీ బాగుంది. చదివేవాడు ఎంత తీసెయ్యాలో లెక్క వేసుకుని చదువుకుంటాడు.

అధికారంలో ఎవరున్నా తమది కాని మీడియా మీద చెయ్యి వేస్తూనే వచ్చారు. తప్పుడు వార్తలు రాస్తే కేసులు పెట్టొచ్చని 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 938 నంబరు జీవో తెచ్చింది, గొడవయ్యాక పక్కన పెట్టింది. 2019లో జగన్ ప్రభుత్వం 2430 నంబరుతో అలాంటిదే మళ్ళీ తెచ్చింది. 2021లో ఏబీఎన్, టీవీ5 మీద రాజద్రోహం కేసు పెడితే, కఠిన చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. 2025 జూన్‌లో చక్రం తిరిగింది. సాక్షి టీవీ చర్చలో ఒక అతిథి అమరావతి ఆడవాళ్ళ గురించి నీచంగా మాట్లాడాడు. చర్చ నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావును పోలీసులు హైదరాబాదు వెళ్ళి మరీ అరెస్టు చేశారు. నాలుగు రోజులకు సుప్రీంకోర్టు ఆయన్ని వదలమంది. ఆ మాటలు దుర్మార్గమైనవే. అన్నవాడు వేరు, బల్లకి ఇవతల కూర్చున్నవాడు వేరు కదా.

డబ్బు సంగతి కూడా ఉంది. 2022లో గ్రామ, వార్డు వలంటీర్లకు పేపరు కొనుక్కోడానికి నెలకి 200 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఇది సాక్షి సర్క్యులేషన్ పెంచడానికేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు మార్చింది. మనలో వలంటీర్లుగా చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ 200తో ఏం కొన్నారో, ఎవరు కొనమన్నారో మీకే బాగా తెలుసు.

అయినా ఈ పార్టీల తగువు వల్ల మనకి పూర్తిగా నష్టమే అనుకోవద్దు. బాక్సైట్ చూడండి. రాజశేఖరరెడ్డి కాలంలో విశాఖ మన్యం కొండల మీద బాక్సైట్ తవ్వకాలకి ఒప్పందాలు జరిగాయి. ప్రతిపక్షంలో ఉండగా తెలుగుదేశం వద్దంది. అదే తెలుగుదేశం అధికారంలోకి వచ్చాక, 2015 నవంబరు 5న చింతపల్లి అడవిలో 1,212 హెక్టార్లకు 97 నంబరు జీవో ఇచ్చింది. అప్పుడు వైసీపీ వద్దంది. 2019లో జగన్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఈ గొడవలో ఎవరో ఒకరి పేపరు ఎప్పుడూ ఎదుటి ప్రభుత్వం కాగితాలు బయటికి లాగుతూనే ఉంది. ప్రేమతో కాదనుకోండి. కానీ మన్యంలో మన పిల్లలకి జీవో నంబరు తెలిసింది, విస్తీర్ణం తెలిసింది, ఎక్కడ సంతకం పెట్టారో తెలిసింది. కొండ దిగి కొట్లాడడానికి అవి పనికొచ్చాయి. అందుకే ప్రభుత్వం గురించి తెలుసుకోవాలంటే ప్రతిపక్షం పేపరు చదవాలని మా బాబాయ్ అంటాడు. ప్రభుత్వం మారినప్పుడల్లా పేపరు మార్చెయ్యాలట! ఆయన చదివింది ఐదో తరగతి.

తగువు ఉన్న చోట నిజం ఎంతో కొంత బయటపడుద్ది. తగువు లేని చోట?

మా పక్క ఊరి కుర్రాడి సంగతి చెబుతాను. యానాదుల పిల్లాడు, పంతొమ్మిదేళ్ళు. నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా పని. పొలాల్లో మోటార్లు పోతున్నాయని, పండక్కి ఇంటికొచ్చిన వాణ్ణి ఇంకో ఇద్దరితో కలిపి స్టేషన్‌కి తీసుకెళ్ళారు. తెల్లారి రెండు పేపర్లలోనూ ఫోటో పడింది. డెయిరీ దగ్గర, రాజధాని దగ్గర, దేవుడి లడ్డు దగ్గర ఏనాడూ ఒక మాట మీద నిలబడని పేపర్లు, ఆ రోజు ఒకే మాట రాశాయి. "జల్సాలకు అలవాటు పడి" అని రెండిట్లోనూ ఉంది. "యానాది యువకుల ముఠా" అని రెండిట్లోనూ ఉంది. కుర్రాడి ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది, ఆ తప్పు కూడా రెండిట్లో అదే.

మూడోరోజు వాణ్ణి వదిలేశారు. ఎఫ్ఐఆర్ కాపీ తీయించి చూశాం, అందులో వాడి పేరే లేదు. మోటార్లు పోయాయన్న రాత్రి వాడు చెరువు మీద ఉన్నాడని యజమాని రిజిస్టరే చెబుతోంది. ఆ యజమాని కూడా పేపరు చూశాడు. "పోలీసులు వదిలారు సరే, నాకెందుకొచ్చిన గొడవ" అని పనిలోంచి తీసేశాడు. వదిలేసిన సంగతి ఏ పేపర్లోనూ రాలేదు.

ఇది ఎలా జరుగుద్దో తెలుసుకోవాలి, లేకపోతే ఊరికే తిట్టుకుంటూ కూర్చుంటాం. 1989లో ఈనాడు జిల్లా పేపర్లు మొదలుపెట్టాక, తర్వాత అందరూ అదే దారి పట్టాక, ఊరూరి వార్తలు పేపరెక్కాయి. మంచిదే. మన ఊరి బోరు పాడైన సంగతి, కరెంటు స్తంభం ఒరిగిన సంగతి అచ్చులో కనపడిందంటే అందుకే. కానీ మండలాల్లో తిరిగి ఆ వార్తలు రాసే విలేకరికి చాలాచోట్ల సరైన జీతం లేదు. రాసినదాన్ని బట్టి ఇచ్చే కొద్దిపాటి డబ్బులు బండి పెట్రోలుకే చాలవు. పైగా ఉగాదికి, పంద్రాగస్టుకి, నాయకుడి పుట్టినరోజుకి యాడ్లు తెమ్మని పైనుంచి టార్గెట్. యాడ్ ఇచ్చేది నాయకుడు, కాంట్రాక్టరు, కాలేజీ యజమాని. రోజూ ఖర్చు లేకుండా దొరికే వార్త ఒక్కటే, పోలీస్ స్టేషన్ నుంచి వాట్సాప్‌లో వచ్చే ప్రెస్ నోటు. టైపు చేసి ఉంటుంది, ఫోటో ఉంటుంది, గ్రూపులో అన్ని పేపర్లవాళ్ళూ ఉంటారు. ఆ పేపరు విలేకరి, ఈ పేపరు విలేకరి పక్కపక్క బళ్ళ మీద కూర్చుని ఆ నోటునే డెస్కుకి పంపిస్తారు. అక్కడ పార్టీ లేదు. డెస్కులో ఉన్నవాళ్ళకి మన కుర్రాడి తరఫున అనుమానం రావడానికి కారణమూ లేదు, ఎందుకంటే ఆ గదిలో మనవాళ్ళు లేరు.

ఆ విలేకరిని నేను కలిశాను. మంచివాడే. "నేను రాయకపోతే పక్కోడు రాస్తాడు, పొద్దున్నే డెస్కు నుంచి నాకు ఫోను వస్తది, వార్త ఎందుకు మిస్సయ్యావని" అన్నాడు. మీ వివరణ ఎందుకు తీసుకోలేదని అడిగితే తల దించుకున్నాడు.

ఇందులో కొత్తేమీ లేదు. పొన్నూరు మీదుగా బాపట్ల దాటితే స్టువర్టుపురం వస్తుంది. ఒక జాతి మొత్తాన్నీ పుట్టుకతోనే నేరస్తులని రాసుకున్న బ్రిటిష్ చట్టం కింద, వందేళ్ళ కిందట ఎరుకలవాళ్ళని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి పెట్టిన ఊరు. హెరాల్డ్ స్టువర్ట్ అనే తెల్లదొర పేరు పెట్టారు. 1952లో ఆ చట్టం పోయింది. ఊరు పేరు మాత్రం ఇప్పటికీ చోరీ వార్తల్లో విశేషణంలాగే వాడతారు. ఎక్కడో దొంగతనం జరిగితే 'స్టువర్టుపురం ముఠా' పనేనేమో అని మొదటిరోజే రాసేస్తారు. అసలు దొంగ వేరే రాష్ట్రంవాడని తేలిన రోజున ఆ ఊరి పేరు వెనక్కి తీసుకున్నవాడు లేడు. పేపరు రాసింది, సినిమా అందుకుంది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చినప్పుడు మా జాతినీ మా ఊరినీ అవమానించారని ఎరుకలవాళ్ళ తరఫున హైకోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఊళ్ళో ఇప్పుడు టీచర్లున్నారు, ఉద్యోగస్తులున్నారు. ఇంటర్వ్యూకి పోయిన పిల్ల సొంతూరు ఏదంటే బాపట్ల అని చెప్పుకుంటుంది. ఆ పిల్లకి ఈనాడు ఎవరిది, సాక్షి ఎవరిది అన్నది ఏం పట్టింపు?

ఇంకొంచెం పైకి పోదాం, మన్యం దాకా. జి.మాడుగుల మండలం వాకపల్లిలో 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు ఆడవాళ్ళు బయటికొచ్చి చెప్పారు. అప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వం. తర్వాత తెలుగుదేశం. తర్వాత వైసీపీ. ముగ్గురి పాలనలోనూ గ్రేహౌండ్స్ అదే గ్రేహౌండ్స్. అంటే ఈ కేసు వల్ల ఏ పార్టీకీ ఎదుటి పార్టీ మీద పైచేయి రాదు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితుల్ని నిర్దోషులని వదిలేసింది. దర్యాప్తు సరిగా చేయలేదని చెప్పింది, ఆ ఆడవాళ్ళకి పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. పదహారేళ్ళు. ఒక నాయకుడి బెయిలు విచారణ ఎన్నింటికి మొదలైంది, లాయరు ఏ కారు దిగాడు అని నిమిష నిమిషానికీ చెప్పే చానళ్ళు మనకి ఉన్నాయి. ఆ పదహారేళ్ళలో వాకపల్లి వాయిదాలు ఎన్ని జరిగాయో మీలో ఎంతమంది పేపర్లో చూశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

అందుకే రెండు పేపర్లు చదివి, రెండూ ఒప్పుకున్నది నిజమనుకోండి అని పెద్దలు చెప్పే సలహా ఉంది చూశారూ, అది డెయిరీ వార్తకి సరిపోద్ది. మన వార్తకి సరిపోదు. వాళ్ళు కొట్టుకునేటప్పుడు మనకి నష్టం పాల బిల్లంత. వాళ్ళు కలిసిపోయినప్పుడు మనకి నష్టం ఒక బతుకంత.

ఇంత రాశాక మన సంగతి కూడా చెప్పుకోవాలి, దాచిపెడితే వాళ్ళకీ మనకీ తేడా ఉండదు. "పేపర్లు రాయవు, మనమే రాద్దాం" అని మొదలుపెట్టినవాళ్ళం మనం. పోయినేడాది ఒక వీడియో వచ్చింది. కుర్రాణ్ణి చెట్టుకి కట్టి కొడుతున్నారు. మన జిల్లాలోనే అని ఎవరో రాశారు. రక్తం మరిగి పెట్టేశాం. గంటలో వందలమంది పంచుకున్నారు. రాత్రికి తెలిసింది, అది వేరే రాష్ట్రానిది, అదీ పాతది. తీసేశాం. క్షమాపణ రెండు ముక్కలు రాశాం, అది పదిమంది కూడా చూడలేదు. ఆ తర్వాత ఈ మోటార్ల కుర్రాడి విషయం మీద ఒక ఆఫీసుకి వెళితే, కుర్చీలో ఉన్నాయన ఫోను తీసి మా పాత పోస్టు ఫోటో చూపించాడు. "మీరు పెట్టేవి ఇలాంటివేగా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడి చేతిలో ఎఫ్ఐఆర్ కాపీ ఉంది, రిజిస్టరు ఫోటో ఉంది, అయినా ఆ పూట వాడి మాట చెల్లలేదు. మా తప్పుకి వాడు కట్టాడు.

ఆ రోజు నుంచి కాగితం చేతికి రాకుండా ఏదీ పెట్టకూడదని అనుకున్నాం. కాగితం దొరకడం అంత తేలికేమీ కాదు. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోల వెబ్‌సైటే ఆపేసింది. జీవోలో ఏముందో తెలియాలంటే ఏదో ఒక పార్టీ పేపరు చెప్పిందే గతి అన్నట్టయింది. 2024 ఆగస్టులో కొత్త ప్రభుత్వం మళ్ళీ తెరిచింది. తెరిచి ఉండగానే చదవడం నేర్చుకోండి. ఎఫ్ఐఆర్‌లు, సున్నితమైన కేసులవి తప్ప, 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు మీడియాకి ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నదానికి పద్ధతి తయారు చేయమని 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖని ఆదేశించింది కూడా. ఏ పేపరుకి ప్రభుత్వం ఎంత యాడ్ డబ్బు ఇచ్చిందో సమాచార హక్కు కింద అడగొచ్చు. నిందితుడి కులం పేరు అనవసరంగా రాయకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలోనే ఉంది. రాస్తే ముందు ఎడిటరుకి ఉత్తరం రాయాలి, జవాబు సరిగా లేకపోతే ప్రెస్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయాలి. దినపత్రికైతే వార్త వచ్చిన రెండు నెలల్లోపు. కౌన్సిల్‌కి జరిమానా వేసే అధికారం లేదు, మందలించడమే. టీవీ దాని కిందికి రాదు. కొంచెమే అది. కానీ మన చేతిలో ఉన్న ఆ కొంచెం కూడా మనం ఎప్పుడూ వాడలేదు.

ఆ కుర్రాడి కోసం రెండు ఉత్తరాలు రాశాం. ఒక్కో పేపరు ఎడిటరుకి ఒకటి. ఎఫ్ఐఆర్ కాపీ, రిజిస్టరు పేజీ, పేపర్లో పడిన ముక్క జత చేశాం. కుర్రాడు సంతకం పెట్టాడు, ఇంటిపేరు ఒక అక్షరం కూడా పోకుండా. వాళ్ళమ్మ పక్కనే నిలబడి, "వీడు దొంగ కాదని కూడా అదే పేజీలో వేస్తారా?" అని అడిగింది. వేయమనే రాశామని చెప్పాం.

రిజిస్టర్ పోస్టు రసీదులు రెండూ మా దగ్గరున్నాయి. వార్త వచ్చి ఇవాల్టికి ముప్ఫై నాలుగు రోజులు. కుర్రాడు చెరువు మీదికి పోవడం లేదు, తెనాలిలో సిమెంటు పనికి పోతున్నాడు. జవాబు వస్తే ఇక్కడే పెడతాం, రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కి పంపిన ఫిర్యాదు కాపీ పెడతాం.